బెజవాడలో హాట్‌పాట్: ఎవరి గిన్నె వాళ్లదే, వెళ్లినవాళ్లు చెప్పండి

పటమట పిల్ల

బెంజ్ సర్కిల్ దాటాక పటమట వైపు లోపలి వీధిలో హాట్‌పాట్ హోటల్ ఒకటి తెరిచారు కదా, ఎవరి గిన్నె వాళ్లకే ఇచ్చేది. ఆఫీసు వాళ్లతోనూ వెళ్లాను, ఇంట్లోవాళ్లతోనూ వెళ్లాను. పేరు కావాలనే రాయడం లేదు, మెచ్చుకోళ్లతో పాటు గొణుగుడు కూడా ఉంది కాబట్టి. దయచేసి మీరూ రాయొద్దు.

తెలియనివాళ్ల కోసం: ప్రతి కుర్చీ ముందు టేబుల్లోకి దించిన చిన్న ఇండక్షన్ పొయ్యి, దాని మీద ఒక్కరికి సరిపడే స్టీలు గిన్నె. ముందు బ్రాత్, అంటే ముక్కలు ఉడికించుకునే చారు, ఎంచుకోవాలి. ఎర్రగా నూనె తేలే కారపు చారు మాలా, టమాటా, పుట్టగొడుగులది, చికెన్ ఎముకలతో కాచింది, ఇలా నాలుగైదు రకాలు. తర్వాత పచ్చి సరుకు ప్లేటు వస్తుంది. క్యాబేజీ, పాలకూర, మొక్కజొన్న కండె ముక్కలు, టోఫు, ఎనోకి పుట్టగొడుగులు, ఇంకా మీరు అడిగినదాన్ని బట్టి కాగితంలా కోసిన మటన్, చికెన్, రొయ్యలు, చేప బాల్స్. బ్రాత్ మరిగాక మనమే వేసుకోవాలి, మనమే తీసుకోవాలి, సాస్‌లో ముంచుకుని తినాలి. పక్కన సాస్ కౌంటర్ ఉంటుంది, అక్కడ ఎవరికి నచ్చింది వాళ్లు కలుపుకోవచ్చు.

నాకు నచ్చింది ఆ సాస్ కౌంటరే. నువ్వుల పేస్టు, సోయా సాస్, తరిగిన వెల్లుల్లి, ఉల్లికాడలు, కొత్తిమీర, వేయించిన పల్లీల పొడి, వెనిగర్, కారం నూనె, అన్నీ గిన్నెల్లో పెట్టి ఉంచారు. నచ్చనిది, మొదటిసారి వచ్చినవాళ్లకు ఏది ఎంతసేపు ఉడికించాలో చెప్పే దిక్కు లేదు. మెనూ చేతిలో పెట్టి వెళ్లిపోతారు. మా టీంలో ఒకతను బంగాళాదుంప ముక్కలు, రొయ్యలు, నూడుల్స్ అన్నీ ఒకేసారి గుమ్మరించాడు. రొయ్యలు రబ్బరు, నూడుల్స్ గంజి, దుంపలు మాత్రం పచ్చివి.

వెళ్లినవాళ్ల అనుభవాలు, చిట్కాలు రాయండి. వచ్చే ఆదివారం మా అత్తగారి వాళ్లు వస్తున్నారు, తీసుకెళ్లాలా వద్దా అని ఆలోచన.

కృష్ణలంక కుర్రాడు

వెళ్లాం. మళ్లీ వెళ్లం. డబ్బులిచ్చి వంట మనమే చేసుకోవడం ఏంటక్కా?

ఏలూరు రోడ్డు రావు

కుర్రాడితో ఏకీభవిస్తున్నాను. చారులో కూరగాయ ముక్కలు ముంచుకుని తినడానికి ఏసీ, లైట్లు, చాప్‌స్టిక్స్. ఆ డబ్బుతో నలుగురం బిర్యానీ తిని, బందరు రోడ్డు మీద జ్యూసు తాగి ఇంటికి రావచ్చు.

తైపే టు తెనాలి

రావు గారూ, మీ మాట కాదనను గానీ రెండో వైపు కూడా చెప్తాను. ఉద్యోగం మీద తైవాన్‌లో కొన్నేళ్లు ఉండి వచ్చాను. ఒక్కరికి ఒక్క గిన్నె పద్ధతి అక్కడ వీధివీధికీ ఉంటుంది. ఆఫీసు వదిలాక ఒంటరిగా వచ్చి, కౌంటరు ముందు వరసగా కూర్చుని, ఫోన్ చూసుకుంటూ తినేసి పోతారు. ఒంటరిగా తినడానికి వెళ్తే మనల్ని ఎవరూ వింతగా చూడని చోటు అది. మన దగ్గర ఒక్కడే వెళ్లి నలుగురి టేబుల్లో కూర్చుంటే "ఇంకెవరైనా వస్తారా సార్" అని ఐదు నిమిషాలకోసారి అడుగుతారు చూడండి, ఆ బాధ ఉండదు.

చైనాలో అసలు సంప్రదాయం మాత్రం మధ్యలో ఒకే పెద్ద పాత్ర, చుట్టూ అందరూ. బీజింగ్ వైపు రాగి పాత్ర మధ్యలో బొగ్గుల గొట్టం ఉంటుంది, పల్చటి నీళ్లలో గొర్రె మాంసం ముంచి నువ్వుల సాస్‌తో తింటారు, కారం పెద్దగా ఉండదు. చొంగ్‌చింగ్, సిచువాన్ వైపు వెళ్తే ఎర్రటి నూనె, ఎండు మిరపకాయలు, పశువుల కొవ్వు. చొంగ్‌చింగ్‌లో అయితే పాత్రలో తొమ్మిది గదుల చట్రం పెడతారు, ఎవరి ముక్క ఎక్కడుందో తెలియడానికీ, మధ్య గదిలో మంట ఎక్కువ తగిలి త్వరగా ఉడికేవి అక్కడ వేసుకోవడానికీ. జపాన్‌వాళ్ల షాబు షాబు ఇంకో దారి, అందులో మాంసం ముక్కను చాప్‌స్టిక్స్‌తో పట్టుకుని అటూ ఇటూ ఊపి తీసేస్తారు.

బెజవాడలో పెట్టింది తైవాన్ పద్ధతి పొయ్యి మీద సిచువాన్ కారం. కలగాపులగమే, అయినా తప్పేం లేదు. మన చైనీస్ నూడుల్స్ చైనాలో ఎవరూ గుర్తుపట్టరు, మనం ఆనందంగా తినడం లేదా?

మిర్చి యార్డ్ మామ

గుంటూరు నుంచి. కారం గురించి ఎవరైనా మాట్లాడితే నేను రాకుండా ఉండలేను.

మా వాళ్లు ఐదుగురం వెళ్లాం. వెయిటర్ కుర్రాడు "సార్ మాలాలో మూడు లెవెల్స్ ఉన్నాయి, ఫస్ట్ టైమ్ అయితే మైల్డ్ తీసుకోండి" అన్నాడు. మా బావమరిది "బాబూ మేం గుంటూరు నుంచి వచ్చాం" అని టాప్ లెవెల్ చెప్పాడు. వాడు పుట్టినప్పటి నుంచి ఎండు మిరపకాయల బస్తాల మధ్య తిరిగినోడు, తేజ రకం కాయ పచ్చిగా కొరుక్కుని చూపిస్తాడు. అలాంటోడు పది నిమిషాల్లో కళ్లు, ముక్కు కారుస్తూ ఐస్ అడుగుతున్నాడు. ఎక్కడా లేని విధంగా పెదవులు తిమ్మిరెక్కాయట, మాట సరిగా రావడం లేదు.

ఇదేం కారం రా బాబూ అని మా వాళ్లు ఇప్పటికీ తలపట్టుకుంటున్నారు. మన సన్నం, తేజలకంటే ఘాటైన కాయ చైనాలో ఉందా? తైపే అన్నయ్యగారు చెప్పాలి.

తైపే టు తెనాలి

మామా, కాయ ఘాటు కాదు అసలు సంగతి. అందులో రెండు వస్తువులున్నాయి. ఒకటి ఎండుమిర్చి, అది మనకు తెలిసిందే. రెండోది సిచువాన్ మిరియం. పేరులో మిరియం ఉంది గానీ మన మిరియాల కుటుంబం కాదు, నిమ్మ, నారింజల కుటుంబానికి చెందిన చెట్టు కాయ. కొంకణ్, గోవా వైపు చేపల కూరలో వేసే తిర్‌ఫల్, నేపాల్‌వాళ్ల టిమూర్ దీనికి చుట్టాలే. అందులో ఉండే సాన్‌షూల్ అనే పదార్థం స్పర్శ తెలిపే నరాలను కదిలిస్తుంది. లండన్‌లో 2013లో చేసిన ప్రయోగంలో పెదవికి ఈ పొడి రాసినవాళ్లకు సెకనుకు దాదాపు 50 సార్లు కంపించినట్టు అనిపించిందని తేల్చారు. మీ బావమరిదికి వచ్చిన తిమ్మిరి అదే. దానికి గుంటూరులో పుట్టడం ఏమాత్రం సాయపడదు.

ఇంకొకటి. మిరపకాయలోని మంటకూ, నిజమైన వేడికీ నాలుక మీద స్పందించేది ఒకే రకం గ్రాహకం. మనం కారం తినేది అన్నంలో కలిపి, నెయ్యి వేసుకుని, పక్కన పెరుగు పెట్టుకుని. ఇక్కడ పొగలు కక్కే నీళ్లలోంచి తీసి నోట్లో వేసుకుంటున్నారు, వేడి ఒక వైపు, కారం ఒక వైపు, రెండూ ఒకే తలుపు తడతాయి. ఐస్ వాటర్ తాగితే చల్లదనం ఉన్నంతసేపే ఉపశమనం, ఎందుకంటే మంట పుట్టించే పదార్థం నీళ్లలో కరగదు. మజ్జిగో, పాలో అడగాల్సింది.

మిర్చి యార్డ్ మామ

మజ్జిగ అడిగాం అన్నయ్యా, లేదన్నారు. బ్లూ లగూన్ ఉందన్నారు. ఆంధ్రాలో హోటల్ పెట్టి మజ్జిగ లేకపోవడం ఏంటో.

గవర్నర్‌పేట గౌరి

😂😂 బ్లూ లగూన్

సత్యనారాయణపురం సీతమ్మ

నమస్కారం అండి. మా పిల్లలు చూపిస్తే ఈ చర్చ చదివాను. పటమట అమ్మాయి అత్తగారి వాళ్లను తీసుకెళ్లాలా అని అడిగింది కాబట్టి రాస్తున్నాను, నేనూ అత్తగారినే.

మా ఇంట్లో నేను, మా వారు శాకాహారం. కొడుకు, కోడలు అన్నీ తింటారు. బయటికి వెళ్తే ఎప్పుడూ ఇదే గొడవ. మేం వెళ్లే హోటల్లో వాళ్లకు తిండి సాగదు, వాళ్లు వెళ్లే హోటల్లో మాకు పనీర్ తప్ప ఏమీ ఉండదు. ఈ హాట్‌పాట్‌లో మాత్రం నా గిన్నె నాది, వాడి గిన్నె వాడిది. ఒకే టేబుల్ మీద కూర్చుని నేను టమాటా చారులో మొక్కజొన్న, బేబీ కార్న్, టోఫు, పాలకూర వేసుకున్నాను, ఎదురుగా వాడు రొయ్యలు వేసుకున్నాడు. నా గరిటె నాకు, వాడిది వాడికి. గరిటె కలుస్తుందేమోనన్న భయం లేకుండా బయట హోటల్లో తిన్నది చాలా ఏళ్లకు ఇదే. డబ్బు దండగ అన్న రావు గారికి ఈ సంగతి తెలియకపోవచ్చు.

పైగా తినడం నెమ్మదిగా సాగుతుంది. వేస్తాం, ఆగుతాం, మాట్లాడుకుంటాం, మళ్లీ వేస్తాం. మావాడు గంటసేపు ఫోన్ తీయలేదు. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో పుల్లలు, తీద్దామన్నా చెయ్యి ఖాళీ లేదు లెండి.

వన్‌టౌన్ వెజ్

సీతమ్మ గారూ, గిన్నె వేరు సరే, అందులో పోసేది ఏంటో అడిగారా? నేను చాలాచోట్ల చూశాను, "వెజ్ బ్రాత్" అని రాసి ఉంటుంది, అడిగితే కూరగాయలతోనే కాచాం అంటారు, వంటింట్లో మాత్రం ప్యాకెట్ బేస్ కలుపుతారు. మాలా బేస్ ప్యాకెట్లలో పశువుల కొవ్వుతో చేసినవీ ఉంటాయి, నూనెతో చేసినవీ ఉంటాయి. సాస్ కౌంటర్‌లో ఆయిస్టర్ సాస్, ఫిష్ సాస్ నల్లగా, సోయా లాగే కనిపిస్తాయి.

నేను చేసేది ఇది. మొహమాటం లేకుండా బేస్ ప్యాకెట్, సాస్ సీసాలు తెచ్చి చూపించమంటాను. ఆకుపచ్చ చుక్క ఉంటేనే తింటాను. ఇక్కడ అడిగితే పాపం వెంటనే తెచ్చి చూపించారు, టమాటా బేస్‌కు ఆకుపచ్చ చుక్కే ఉంది. ఉల్లి, వెల్లుల్లి లేకుండా కావాలంటే మాత్రం కుదరదన్నారు. మా జైన్ ఫ్రెండ్ వేడినీళ్లలో మొక్కజొన్న ఉడకబెట్టుకుని తిని వచ్చాడు.

సత్యనారాయణపురం సీతమ్మ

నేను అడిగింది వెయిటర్ని, ప్యాకెట్ చూడలేదు నాయనా. మీరు చూశారు కాబట్టి నా టమాటాకు బెంగ లేదు. సాస్‌ల సంగతి మంచిది చెప్పారు, ఈసారి వెళ్తే ఆ నల్ల సీసాల జోలికి పోను.

హోటల్ లైన్ హరి

వంటింట్లో పనిచేసిన మనిషిని (ఈ హోటల్ కాదు, వేరే చోట). నలుగురికీ పనికొచ్చేవి కొన్ని రాస్తాను.

ముందు దుంపలు, మొక్కజొన్న, క్యారెట్. వాటికి టైం పడుతుంది, బంగాళాదుంప మందంగా కోస్తే ఎనిమిది పది నిమిషాలు కూడా అడుగుతుంది. అవి ఉడికే లోపల వాటి తీపి బ్రాత్‌లోకి దిగుతుంది, తర్వాత వేసేవన్నీ బాగుంటాయి. చేప బాల్స్ ఫ్రీజర్‌లోంచి వస్తాయి, పైకి తేలాక కూడా ఒకట్రెండు నిమిషాలు ఉంచండి. పల్చటి మటన్ అర నిమిషం చాలు, రంగు మారగానే తీసేయాలి, అంతకు మించితే తోలే. రొయ్య పూర్తిగా తెల్లగా మారి, ఇంగ్లిషు సి అక్షరంలా వంగితే అయినట్టు. ఓ లాగా చుట్టుకుపోతే ఎక్కువైనట్టు. నూడుల్స్ ఆఖరున, ఎందుకంటే అవి బ్రాత్‌ను పీల్చేస్తాయి, పిండి వదులుతాయి, ఆ తర్వాత చిక్కబడి అడుగంటుతుంది.

చికెన్ దగ్గర మాత్రం ఆటలొద్దు. లోపలి దాకా 74 డిగ్రీలు తగలాలి. పల్చగా కోసిందైతే మరుగుతున్న నీళ్లలో రెండు నిమిషాల్లో అవుతుంది, కానీ చాలాచోట్ల ముక్కలు ముక్కలుగా కొట్టి ఇస్తారు. అలాంటిది వస్తే ఒక ముక్క తీసి మధ్యకు విరిచి చూడండి, గులాబీ రంగు ఉంటే మళ్లీ వేయండి. ఎనోకి కూడా సలాడ్‌లా పచ్చిగా తినొద్దు, బాగా మరగనివ్వండి.

ఇంకా ముఖ్యమైనది పుల్లలు. పచ్చి మాంసం పట్టుకున్న పుల్లలతోనే నోట్లో పెట్టుకుంటారు చాలామంది. పచ్చిదానికి వేరే పటకారు అడగండి. ఇవ్వకపోతే గట్టిగా అడగండి. ఒక్కరి గిన్నె కదా, నాదే కదా అనుకుంటారు, పచ్చి చికెన్‌కి అది తెలియదు.

పటమట పిల్ల

హరి గారూ, ఇదే కావాల్సింది. ఆ హోటల్ వాళ్లు ఇదంతా ఒక కాగితం మీద వేసి టేబుల్ మీద అంటిస్తే సగం గొడవ పోతుంది.

ఒక డౌటు. మొదట్లో బ్రాత్ బాగుంది, చివరికొచ్చేసరికి నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. వాళ్లు ఉప్పు ఎక్కువ వేస్తున్నారా?

హోటల్ లైన్ హరి

మరిగిన కొద్దీ నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు ఎక్కడికీ పోదు. చిన్న గిన్నె కాబట్టి అది ఇంకా త్వరగా తెలుస్తుంది. పైగా చేప బాల్స్, సాసేజ్‌ల లోపలి ఉప్పు కూడా దిగుతుంది. మధ్యలో రెండుసార్లయినా పల్చటి బ్రాత్ పోయించుకోండి, మామూలుగా దీనికి డబ్బులు తీసుకోరు. లేదంటే వేడినీళ్లు. మరుగు రాగానే మంట తగ్గించండి, తినే గంటసేపూ ఫుల్‌లో పెట్టి ఉంచుతారు జనం.

తైపే టు తెనాలి

దీనికి ఒక మాట కలుపుతాను. మాలా బ్రాత్ తాగేది కాదు. సిచువాన్ వాళ్లు కూడా ఆ ఎర్ర నీళ్లు గిన్నెలో పోసుకుని తాగరు, అది ముక్కలు ఉడకడానికే. మనవాళ్లు బిల్లు కట్టాం కదా అని ఆఖరి చుక్క దాకా జుర్రుతుంటే భయమేస్తుంది. తాగాలంటే టమాటా, పుట్టగొడుగులది తీసుకోండి.

ఆకుకూరలు కూడా మాలాలో వేయకండి. పైన తేలే నూనెంతా ఆకు మడతల్లోకి చేరుతుంది. కారం భరించలేక మాంసాన్ని తిట్టేవాళ్లలో సగంమందికి అసలు దెబ్బ పాలకూర నుంచే తగిలి ఉంటుంది. పక్కవాళ్లది పల్చటి బ్రాత్ అయితే అందులో వేయించుకోండి.

కృష్ణలంక కుర్రాడు

పక్కవాళ్ల గిన్నెలో వేయించుకుంటే ఇంక ఎవరి గిన్నె వాళ్లది ఎక్కడిది అన్నా 😄

సత్యనారాయణపురం సీతమ్మ

నా గిన్నెలో మాత్రం వేయనివ్వను.

భవానీపురం భాను

అందరూ రుచి గురించే రాస్తున్నారు. నేను మే నెలలో వెళ్లాను. బెజవాడ మే నెల. బయట రోళ్లు పగిలే ఎండ, లోపల ఒక్కో టేబుల్ మీద ఆరు పొయ్యిలు. మేం ఆరుగురం ఒకేసారి ఫుల్‌లో పెట్టేసరికి ఆ టేబుల్ లైను ట్రిప్ అయింది. అది బాగుచేస్తుంటే మొత్తం కరెంటు పోయింది. జనరేటర్ వేశారు గానీ దాని మీద లైట్లు, ఫ్యాన్లే, ఏసీ లేదు, పొయ్యిలు లేవు. ప్లేట్లలో పచ్చి రొయ్యలు, గిన్నెల్లో గోరువెచ్చని నీళ్లు, మా మొహాల మీద చెమట. మేనేజర్ వచ్చి "ఒక్క ఐదు నిమిషాలు సార్" అని ముప్పావు గంట నడిపాడు. కరెంటు వచ్చాక ఆ రొయ్యలే వేసుకోమన్నాడు. ఆ వేడిలో అంతసేపు బయటున్న రొయ్యలు ఎలా తింటామండి? గొడవ పడితే మార్చారు, కానీ గొడవ పడాల్సి రావడమే నాకు నచ్చలేదు.

వెళ్లాలనుకుంటే డిసెంబరు, జనవరిలో వెళ్లండి. ఇది అసలే చలిదేశాల తిండి.

తైపే టు తెనాలి

రొయ్యలు మార్చమనడం నూటికి నూరుపాళ్లు సరైన పని. చలిదేశాల తిండి అన్నది మాత్రం పూర్తిగా నిజం కాదు భాను గారూ. చొంగ్‌చింగ్ చైనాలోనే ఉక్కపోతకు పేరు పడ్డ ఊళ్లలో ఒకటి, అక్కడ ఎండాకాలం నలభై డిగ్రీలు దాటుతుంది, అప్పుడు కూడా కూర్చుని ఇదే తింటారు. చెమట పట్టడమే మంచిదని వాళ్ల లెక్క.

భవానీపురం భాను

వాళ్లకు కరెంటు ఉంటుందేమో.

గవర్నర్‌పేట గౌరి

స్టూడెంట్స్‌కి ఒక టిప్. వీక్‌డే మధ్యాహ్నం సెట్ వేరే ఉంటుంది, వెజ్ సెట్ సాయంత్రం రేటు కంటే బాగా తక్కువ. మేం హాస్టల్ బ్యాచ్ అదే తింటాం. సాస్ కౌంటర్ ఎన్నిసార్లైనా. మా ఫ్రెండ్ ఒకమ్మాయి బ్యాగులో కందిపొడి డబ్బా తెచ్చుకుంటుంది, నువ్వుల పేస్టులో కందిపొడి, వెల్లుల్లి, కొంచెం వెనిగర్ కలిపితే అక్కడున్న ఏ సాస్ కన్నా బాగుంది. వెయిటర్ అన్న కూడా టేస్ట్ చూసి "మేడమ్ ఇది ఎక్కడ దొరుకుతుంది" అన్నాడు, నేపాల్ అబ్బాయి.

మిర్చి యార్డ్ మామ

కందిపొడి పాప ఎవరో గానీ నా ఆశీస్సులు. దాంట్లో కొంచెం గోంగూర పచ్చడి కూడా కలిపి చూడమనండి, మాంసానికి ఆ పులుపే పడాలి.

ఏలూరు రోడ్డు రావు

సరే, సీతమ్మ గారి మాట విని మా ఆవిడ పట్టుబట్టి నన్ను తీసుకెళ్లింది. ఆవిడ శాకాహారి, ఈ వేదికలో ఇప్పటిదాకా చెప్పలేదు. తిండి గురించి నా అభిప్రాయం అదే, చారులో ముక్కలే. అయితే ఆవిడ మూడు రకాల సాస్ కలుపుకుని, గంటన్నర కూర్చుని, ఒక్క ముక్క వదలకుండా తిన్నది. మామూలుగా బయటికెళ్తే అరప్లేటు వదిలేసే మనిషి.

నా ఫిర్యాదు వేరే. బిల్లులో 5 శాతం జీఎస్టీ సరే, దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జ్ అని వేశారు. వండుకున్నది నేను, వడ్డించుకున్నది నేను, సర్వీస్ ఎవరిదో అడిగాను. కౌంటర్లో అమ్మాయి "కంపల్సరీ సార్" అంది.

వన్‌టౌన్ వెజ్

కంపల్సరీ కాదండి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది, సర్వీస్ ఛార్జ్ బిల్లులో దానంతటదే కలపకూడదు, ఇవ్వడం కస్టమర్ ఇష్టం. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళ్తే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. తీసేయమని మర్యాదగా చెప్పండి, తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానని చెప్పండి. నాకు చాలాచోట్ల ఆ నంబరు చెప్పగానే తీసేశారు, ఫోన్ చేసే అవసరం రాలేదు. కుర్రాళ్లు బాగా చూసుకుంటే టిప్పు వాళ్ల చేతికే ఇవ్వండి.

ఏలూరు రోడ్డు రావు

కట్టేశానండి, ఆవిడ ముందు గొడవ ఎందుకని. వచ్చేసారి చూద్దాం.

కృష్ణలంక కుర్రాడు

"వచ్చేసారి" అట 👀 రావు గారు కూడా పడిపోయారు

ఏలూరు రోడ్డు రావు

ఆవిడ పోదామంటుంది బాబూ, నేను కాదు.

మొగల్రాజపురం మమత

ఇంట్లో చేసుకోవచ్చా ఎవరైనా చెప్పండి. మా ఇద్దరికీ వారానికోసారి బయట తినే బడ్జెట్ లేదు. ఇండక్షన్ స్టవ్ ఉంది.

హోటల్ లైన్ హరి

హాయిగా చేసుకోవచ్చమ్మా. ఇండక్షన్ మీద అయస్కాంతం అంటుకునే అడుగున్న స్టీలు గిన్నె పెట్టండి, ఉత్త అల్యూమినియం, రాగి గిన్నెలు దాని మీద పనిచేయవు. బ్రాత్‌కి ముందురోజు మటన్ బొమికలు అల్లం, మిరియాలు, ఉల్లిపాయ వేసి కుక్కర్‌లో పెట్టి వడగట్టుకోండి. వెజ్ అయితే పుట్టగొడుగులు, టమాటా, మొక్కజొన్న కండెలు, క్యాబేజీ మొదలు, ఇవి గంటసేపు సన్న మంట మీద మరిగితే చాలు. ఉప్పు సగమే వేయండి, పైన చెప్పాను కదా ఎందుకో.

మటన్ అంత పల్చగా మన కొట్లో కోసివ్వరు. ఎముక లేని ముక్క పెద్దది తీసుకుని, ఫ్రిజ్ పై అరలో గట్టిపడే దాకా పెట్టండి, రాయిలా గడ్డకట్టక ముందే తీసి పదునైన కత్తితో పీచుకు అడ్డంగా కోయండి. వేళ్లు జాగ్రత్త. కూరగాయలు రైతుబజార్లో ఉదయమే తెచ్చుకుంటే బయట కట్టే బిల్లులో పావు వంతు కూడా కాదు.

మొగల్రాజపురం మమత

థాంక్యూ అన్నయ్యా. ఒక గిన్నెకే స్టవ్ ఉంది, ఆయన నాన్‌వెజ్ నేను వెజ్, అదే ప్రాబ్లం.

సత్యనారాయణపురం సీతమ్మ

నువ్వు ముందు తినేయమ్మా. నీది అయ్యాక అదే చారులో అతన్ని వేసుకోమను. వెజ్ తర్వాత నాన్‌వెజ్ వేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు.

పటమట పిల్ల

అప్‌డేట్. అత్తగారి వాళ్లను ఆదివారం తీసుకెళ్లాను. సాయంత్రం ఏడు దాటితే సీటు దొరకదు, బయట స్కూటర్లు పెట్టే చోటు కూడా ఉండదు, అందుకని ఆరున్నరకే వెళ్లాం. దుంపలు ముందు, నూడుల్స్ ఆఖరు, పటకారు అడిగి తెప్పించుకున్నాం. బేస్ ప్యాకెట్ తెమ్మంటే ఈసారి కొంచెం మొహం ముడుచుకున్నారు గానీ తెచ్చారు. మావయ్యగారు చాప్‌స్టిక్స్ పక్కన పెట్టేసి స్పూను, ఫోర్కు అడిగారు, ఎవరూ నవ్వలేదు. అత్తయ్యగారికి టమాటా బ్రాత్ నచ్చింది, మాలా నా గిన్నెలోంచి ఒక చుక్క రుచి చూసి "ఇది తిండా, మత్తుమందా" అన్నారు. సర్వీస్ ఛార్జ్ వేశారు, 1915 అనగానే తీశారు.

మజ్జిగ మాత్రం ఇంకా లేదు మామా, అడిగాను.

మిర్చి యార్డ్ మామ

అడుగుతూనే ఉండండి. నేను కూడా వచ్చే శనివారం వెళ్తున్నా, ఈసారి మా బావమరిదికి మైల్డ్ అని ముందే చెప్పేశాను, ఒప్పుకోవడం లేదు.